అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా



అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి, తల మీది పట్టాల నీడలో పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ నడిస్తే పంజాగుట్ట వచ్చేస్తుంది. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. రైల్లో అయితే ఒక్క స్టాపు, సీటు చూసుకుని కూర్చునేలోపే దిగాలి. ఆపరేషన్ అయ్యాక ఆ కాస్త దూరం నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పోయిన ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చేశాను. 21 కిలోమీటర్ల చిల్లర. సగానికి పైగా పరుగెత్తాను, మిగతాది నడిచాను. నా ఒంట్లో పెద్దపేగు లేదు. పొట్టకు కుడివైపు ఒక సంచి అతికించి ఉంటుంది. మలం అందులోకి వస్తుంది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నప్పుడు కూడా అది నా చీర కుచ్చిళ్ళ పక్కనే ఉంది.

నేను అమీర్‌పేటకీ ఎస్సార్ నగర్‌కీ మధ్య ఒక గల్లీలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. కంప్యూటర్ కోర్సులు నేర్చుకుందామని ఒంగోలు నుంచి, కరీంనగర్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చే పిల్లలు. మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లకు పొద్దున్నే ఉరుకుతారు, రాత్రి పదింటికి తిరిగొస్తారు. రోజూ అరవై మందికి వంట. నాకు నలభై రెండో ఏట అల్సరేటివ్ కొలైటిస్ మొదలైంది. పెద్దపేగు లోపలి పొర పుళ్ళు పడే జబ్బు అది. రోజుకు పదిహేనుసార్లు, ఇరవైసార్లు వెళ్ళాల్సి వచ్చేది, రక్తం పడేది. ఎనిమిదేళ్ళు మందులు మింగాను. ఆఖరికి ఏ మందుకూ లొంగకపోతే పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దీన్ని ఇలియాస్టమీ అంటారు. పెద్దపేగును తెచ్చి కుడితే కొలాస్టమీ. మూత్రానికి దారి పెడితే యూరాస్టమీ. పేగు బయటికి కనపడే చోటును స్టోమా అంటారు, గ్రీకులో నోరు అని అర్థమట. మన వార్డుల్లో ఇన్ని మాటలు ఉండవు. "మోషన్ బ్యాగు పెట్టిన్రు", "పొట్ట మీంచి దారి పెట్టారు" అంటారు. నాకు ఆ రెండో మాట నచ్చింది. దారి మూసుకుపోయిన చోట ఇంకో దారి పెట్టారు, జరిగింది అంతే.

ఈ అవసరం ఎవరికైనా రావచ్చు. పెద్దపేగు క్యాన్సర్, పేగు క్షయ, టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడటం, లారీ కింద పడటం. మలద్వారం లేకుండా పుట్టిన పసిబిడ్డకు కూడా ముందు ఈ దారే పెడతారు. కొందరికి కొన్ని నెలలే, తర్వాత మళ్ళీ లోపల కలిపేస్తారు. నాకు శాశ్వతం.

చూడటానికి స్టోమా ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, కట్టు విప్పిన రోజు చూసి గుండె ఆగినంత పనైంది. మీ కింది పెదవిని వేలితో బయటికి తిప్పి అద్దంలో చూసుకోండి. ఆ ఎరుపు, ఆ తడి. ముట్టుకుంటే నొప్పి తెలీదు, నొప్పిని చెప్పే నరాలు దానిలో లేవు. బాధంతా చుట్టూ ఉన్న చర్మానిది. చిన్నపేగులోంచి వచ్చేది పలచగా, జీర్ణరసాలతో కలిసి వస్తుంది. అన్నాన్ని అరిగించే రసం చర్మం మీద పడితే చర్మాన్నీ అరిగిస్తుంది. ఒక్క రాత్రి సంచి కారితే చాలు, పొద్దుటికి కాలిన గాయంలా తయారవుతుంది. అందుకే సంచి అడుగున చర్మానికి అంటుకునే బిళ్ళ ఉంటుంది. దాని నడుమ స్టోమా కొలతకు రంధ్రం కత్తిరించుకోవాలి. వదులైతే చర్మం కాలుతుంది, బిగుతైతే పేగు ఒరుసుకుంటుంది. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు నెలలు స్టోమా చిక్కుతూ ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ కొలవాలి.

ఇంకో మాట ఆడవాళ్ళ కోసం. ఆపరేషన్‌కు ముందే పొట్ట మీద చోటు గుర్తు పెట్టాలి. మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, ముందుకు వంగమని చూసి, మడత పడని చోట, లంగా బొందు గీత తప్పించి, మన కంటికి మనకు కనపడే చోట పెన్నుతో గుర్తు పెడతారు. నాకు పెట్టలేదు. సరిగ్గా బొందు బిగించే గీత మీదే వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ రాస్తే, డాక్టరు గారిని ఆ గుర్తు సంగతి అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

వార్డులో నా పక్క మంచం మీద ఒక పెద్దమ్మ ఉండేది. సంచులు కొనే శక్తి లేదు. పాల ప్యాకెట్ కవర్లు కడిగి ఆరబెట్టి, పాత చీర పేలికతో నడుముకు కట్టుకునేది. మంచం కడ్డీకి ఆ కవర్లు వరుసగా వేలాడుతుండేవి. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీలో గట్టెక్కినా, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కొనాల్సిన సంచుల ఖర్చు చాలామందికి సొంత జేబులోంచే. ఒక్కో సంచికి వందల్లో అవుతుంది, మూడు నాలుగు రోజులకొకటి మార్చాలి. కూలికి పోయే మనిషి ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇంటికొచ్చిన ఆరో వారంలో నేను మొదటిసారి బయటికి నడిచాను. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఎదుట మందుల షాపుల్లో సంచులు దొరుకుతాయంటే, నేనే వెళ్ళి తెచ్చుకుంటానని బయల్దేరాను. సగం దూరం కూడా పోలేదు, బిళ్ళ అంచు లేచింది. చీర తడిసింది. ఒక షాపులో బాత్రూమ్ అడిగితే మా కస్టమర్లకే అన్నారు. ఇంకో చోట తాళం. కొంగు పొట్టకు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆటో అతను ఏమీ అనలేదు, కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత నలభై రోజులు గడప దాటలేదు.

ఆ నలభై రోజుల్లో నాకు ఒకటి బాగా అర్థమైంది. నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది పేగు కాదు. పేగు దాని పని అది చేస్తూనే ఉంది. కూర్చోబెట్టింది అంటుకోని సంచి, తాళం వేసిన బాత్రూమ్.

అంటుకునే సంచి కథ కూడా అలాంటి భయంతోనే మొదలైంది. డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్సెన్ అనే నర్సు ఉండేది. 1954లో ఆవిడ చెల్లెలు థోరాకు ఇలాంటి ఆపరేషన్ అయింది. అప్పట్లో తోలు పట్టీలు, గుడ్డ కట్లు, రబ్బరు, గాజు, లోహపు గిన్నెలు. థోరా ఎక్కడ కారుతుందోనన్న భయంతో నలుగురిలోకి వెళ్ళడమే మానేసింది. అక్క కూర్చుని ఆలోచించింది: పలచటి ప్లాస్టిక్ సంచి, చర్మానికి అంటుకునే అంచు, వాడి పారేసేది. ఆ ఆలోచన పట్టుకుని ప్లాస్టిక్ తయారుచేసే ఆగే లూయీ హాన్సెన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒప్పుకోవడం వెనుక నర్సు చదువు చదివిన ఆయన భార్య పట్టుదల ఉంది. 1957లో అదే కోలోప్లాస్ట్ కంపెనీ అయింది. ఒక చెల్లెలు మళ్ళీ వీధిలోకి రావాలని ఒక అక్క పడిన ఆరాటం, నేను కట్టుకున్న ఈ సంచి.

దీనికి మన అడవులతో కూడా చుట్టరికం ఉంది. తపసి చెట్టు తెలుసా మీకు? కోవెల చెట్టని కూడా అంటారు. తెల్లటి కాండం, బెరడు గీస్తే బంక కారుతుంది. నల్లమలలో చెంచులు, మన్యంలో కొండరెడ్లు, కోయలు ఆ తపసి బంక సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. బయటి దేశాల్లో దాన్నే కరాయా గమ్ అంటారు. 1950లలో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఈ బంక పొడి తడి చర్మానికి పట్టుకుని కాపాడుతుందని కనిపెట్టాడు. ఏళ్ళ తరబడి ప్రపంచమంతా స్టోమా ఉన్నవాళ్ళ చర్మాన్ని కాపాడింది ఆ బంకే. ఇప్పటి బిళ్ళల్లో ఎక్కువగా వేరే పదార్థాలు వాడుతున్నారు. కానీ ఎక్కడో అమెరికాలో ఒక మనిషి పొట్ట మీద పుండు పడకుండా ఆపింది నల్లమలలో ఒక చెంచు గొడ్డలి గాటు అని తెలిసిన రోజు, నా సంచి మీద నాకు కొత్త గౌరవం కలిగింది. ఆ టర్న్‌బుల్ దగ్గరే నోర్మా గిల్ అని ఒక పేషెంటు, తనకూ ఇలియాస్టమీయే, 1958లో పనిలో చేరి మిగతా పేషెంట్లకు సంచి కట్టడం నేర్పింది. ఈ పనికి ప్రపంచంలో మొదటి నిపుణురాలు ఆవిడే.

ఇక పరుగు సంగతి.

ఆ ఆలోచన నాది కాదు, హాస్టల్లో ఉన్న ఒంగోలు పిల్లది. నా సంగతి పిల్లల్లో ఇద్దరు ముగ్గురికే తెలుసు అప్పటికి. వార్డులో పెద్దమ్మ గురించి ఒకరోజు చెబుతుంటే ఆ పిల్ల అంది: "ఆంటీ, మీరు మారథాన్ చేయండి. కిలోమీటరుకు ఇంత అని అందరి దగ్గరా చందా రాయించుకుందాం. ఆ డబ్బుతో సంచులు కొందాం." ఫోన్‌లో ఎవరెవరి కథలో చూపించింది. రోల్ఫ్ బెనిర్ష్కే అని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, శాన్ డియాగో చార్జర్స్ జట్టులో గోలు తన్నేవాడు. నా జబ్బే అతనికి. 1979లో పెద్దపేగు తీసేశారు. 1980లో సంచితోనే మైదానంలోకి తిరిగొచ్చాడు. పైగా తాను తన్నిన ప్రతి గోలుకూ జనం ఇంత అని డబ్బు రాసేలా పెట్టి, అంతరించిపోతున్న జంతువుల కోసం శాన్ డియాగో జూకి ఇప్పించాడు. రాబ్ హిల్ అనే కెనడా ఆయన సంచితోనే ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కాడు, 2010లో ఎవరెస్టుతో సహా. మన ఊళ్ళోనే ఒక కాలు పోగొట్టుకున్న ఆదిత్య మెహతా గారు 2020లో తన ఫౌండేషన్ జట్టుతో కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిల్ తొక్కించారు, తనలాంటి క్రీడాకారుల కోసం.

అవన్నీ చూశాక నాకు భయం ఎక్కువైంది. దూరానికి కాదు. ఆదిత్య గారి కృత్రిమ కాలు అందరికీ కనపడుతుంది, చూసిన మనిషికి వెంటనే అభిమానం పుడుతుంది. నా సంచి చీర కింద ఉంది, అందులో ఉన్నది అందరూ ముక్కు మూసుకునేది. చందా అడగాలంటే దేనికో చెప్పాలి. మా అక్క ఫోన్లో ఏడ్చింది. "ఏమే, నీ బాధేదో నువ్వు పడు, పదిమందిలో పెట్టుకుంటావా? రేపు ఆ పిల్లలు నీ చేతి వంట తింటారా?" అంది.

అక్క భయం ఉత్తది కాదు. చందా కాగితం మీద నేను ఉన్నదున్నట్టు రాయించాను. పెద్దపేగు తీసేశారు, మలం సంచిలోకి వస్తుంది, అలాంటి సంచులు కొనలేనివాళ్ళ కోసం పరుగెత్తుతున్నాను అని. వారం తిరక్కుండా ఒక తండ్రి ఊరి నుంచి వచ్చి కూతుర్ని సామాన్లతో సహా తీసుకెళ్ళాడు. ఏమీ తిట్టలేదు, అడ్వాన్సు కూడా అడగలేదు. ఆ పిల్ల మాత్రం ఆటో ఎక్కేముందు వంటింట్లోకి వచ్చి, స్టవ్ పక్కన గిన్నెలో ఉన్న పప్పు గరిటెడు చేతిలో వేసుకుని తినేసి వెళ్ళింది. ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. మిగతా యాభై తొమ్మిది మందీ మర్నాడు పొద్దున ఇడ్లీలు తిన్నారు.

పేరెత్తడానికి సిగ్గుపడే జబ్బు నాదొక్కటే కాదు. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ అన్న మాటే మన ఇళ్ళల్లో గుసగుసగా అనేవాళ్ళు. డాక్టర్ రఘురామ్ గారు తల్లి ఉషాలక్ష్మి గారి పేరుతో 2007లో ఫౌండేషన్ పెట్టి, ఏటా కేబీఆర్ పార్కు దగ్గర గులాబీ రంగు నడక పెట్టగా పెట్టగా, ఇప్పుడు మా వీధిలో ఆడవాళ్ళు ఆ మాట కూరగాయల బండి దగ్గరే మాట్లాడుకుంటున్నారు. మాట పైకి వచ్చాకే మందూ వస్తుంది, డబ్బూ వస్తుంది. మా మాట ఇంకా పైకి రాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, అందులో మేము లేము. చిత్రంగా రైల్వేవాళ్ళు మాత్రం మమ్మల్ని గుర్తుపెట్టుకున్నారు. స్టోమా ఉన్నవాళ్ళకు నెలవారీ, మూడు నెలల సీజన్ టికెట్లలో సగం రాయితీ ఉంది. వింటున్నవాళ్ళలో ఎవరైనా రోజూ ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్ళుంటే డాక్టరు సర్టిఫికెట్‌తో స్టేషన్‌లో అడగండి.

తయారవడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ముందు సర్జన్‌ను అడిగాను. స్టోమా పక్కన కండరం బలహీనంగా ఉంటుంది, అక్కడ హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది, బరువులెత్తొద్దు అన్నారు. హాస్టల్లో గ్యాస్ బండ, పాతిక కిలోల బియ్యం బస్తా ముట్టుకోవడం పూర్తిగా మానేశాను. పొట్టకు పట్టీ కట్టుకున్నాను. పొద్దున అయిదింటికి, ఇంకా టిఫిన్ బండ్లు కూడా రాకముందే, మెట్రో పిల్లర్ల వెంట పంజాగుట్ట వైపు. మొదటి వారం పది పిల్లర్లు పరుగు, పది పిల్లర్లు నడక. తర్వాత ఇరవై. పిల్లర్ల మీద అంకెలుంటాయి కాబట్టి ఎంత వచ్చానో ఎవరినీ అడగక్కర్లేదు. ఒంగోలు పిల్ల నా వెనకాల సైకిల్ మీద, బుట్టలో మార్చుకోవడానికి ఒక సంచి, నీళ్ళ సీసా, టేపు.

మాకు అసలు ప్రమాదం నీళ్ళతో. తిన్నదానిలో ఆఖరి నీటినీ ఉప్పునూ పీల్చుకుని ఒంటికి అందించేది పెద్దపేగే. అది లేనివాళ్ళకు నీళ్ళూ ఉప్పూ కలిసి సంచిలోకి పోతాయి. దాహమేసిందని ఒట్టి నీళ్ళు గటగటా తాగితే, ఆ నీళ్ళు ఒంట్లో ఉన్న ఉప్పును కూడా లాక్కుపోతాయి. ఇది నాకు ఒకసారి కళ్ళు తిరిగి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాకే తెలిసింది. అప్పటి నుంచి ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, సమంగా కొలిచి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి పానీయాలు అమ్మేవాళ్ళ మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ గారు ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశమిచ్చింది. ఆవిడ పోరాడింది పిల్లల కోసం, కానీ నాలాంటివాళ్ళ ప్రాణం కూడా ఆ ఓఆర్ఎస్ పొట్లంలోనే ఉంది. తిండి సంగతి కూడా నేర్చుకున్నాను. మొక్కజొన్న, పచ్చికొబ్బరి, మునక్కాయ పీచు పేగుకు అడ్డం పడతాయి. పరుగు ముందు రాత్రి పెరుగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం. అవి పలచనైనదాన్ని కాస్త గట్టిపరుస్తాయి.

మారథాన్ జరిగే ఆదివారం చీకటితోనే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాకు వెళ్ళాం. ఆగస్టు ఉక్కపోత. రాజ్‌భవన్ రోడ్డు దాటి పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మా హాస్టల్ పిల్లలు పాతికమంది అక్కడ నిలబడి ఉన్నారు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో "ఆంటీ" అని రాసి పట్టుకున్నారు. నాకు ఆ క్షణంలో వాళ్ళకంటే కింద ఉన్న రోడ్డే ఎక్కువగా కనపడింది. నలభై రోజులు నేను రాలేకపోయిన రోడ్డు. ఫ్లైఓవర్ దిగాక ఒక మొబైల్ టాయిలెట్‌లో ఆగి సంచి ఖాళీ చేసుకున్నాను. మూడోవంతు నిండితే చాలు, ఖాళీ చేయాల్సిందే, బరువుకి బిళ్ళ లాగుతుంది. కేబీఆర్ పార్కు దగ్గర చెమటకు అంచు లేవడం తెలిసింది. పక్కకు జరిగి, గోడ వైపు తిరిగి, రుమాలుతో తుడిచి టేపు వేశాను. ఒక కుర్రాడు ఆగి "ఏమైనా సాయం కావాలా అమ్మా?" అన్నాడు. "నా మోషన్ బ్యాగు ఊడుతోంది నాయనా, నీళ్ళ సీసా కాస్త పట్టుకో" అన్నాను. పట్టుకున్నాడు. ముఖం తిప్పుకోలేదు. ఆ తర్వాత ఎత్తులూ పల్లాలూ చాలా ఉన్నాయి, చెప్పుకోదగ్గది ఏమీ లేదు, కాళ్ళు ఈడ్చుకుంటూ గచ్చిబౌలి స్టేడియం చేరాను.

చందా 39 వేలు వచ్చింది. అందులో తండ్రి హాస్టల్ నుంచి తీసుకెళ్ళిపోయిన పిల్ల పంపింది అయిదు వందలు. ఆ డబ్బుతో సంచులు, పేస్టు, పొడి కొని, స్టోమా పేషెంట్లను చూసే ఒక నర్సు గారి సాయంతో పంజాగుట్టలోనే ఇవ్వడం మొదలుపెట్టాం.

మొదటి రోజు సంగారెడ్డి వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నడుముకు గుడ్డ, గుడ్డ కింద పాలిథిన్ కవరు. చుట్టూ చర్మం పచ్చిగా ఉంది. నర్సు గారు మెల్లగా కడిగి ఆరబెట్టి పొడి చల్లారు. నేను కొలత అట్ట స్టోమా మీద పెట్టి చూపించాను, ఏ గుండ్రం సరిగ్గా పడుతుందో. కత్తెర ఆమె చేతికే ఇచ్చాను. చెయ్యి వణికి ఒకపక్క కాస్త వంకర వచ్చింది. పర్లేదన్నాను, అరచెయ్యి పెట్టి కాసేపు అదిమి పట్టుకో, ఒంటి వేడికి అంటుకుంటుంది అన్నాను. పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

తర్వాత అడిగింది, "ఇది ఉతుక్కోవచ్చా అమ్మా?"

ఉతకొద్దు, అయిపోతే మళ్ళీ ఇస్తామన్నాను. లేచి నిలబడి కుచ్చిళ్ళు దోపుకుంది. అటూ ఇటూ రెండడుగులు వేసి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకుంది. సంగారెడ్డి బస్సు దగ్గర్లోనే ఆగుతుంది, ఆటోలో స్టాపు దాకా దింపుతానన్నాను.

"ఒద్దులే. అమీర్‌పేటల గూడ ఆగుతది గద. ఆడిదాంక నడుస్త" అంది.